పిడకల ఊళ్లో నేర్చుకున్న మాట

కొత్తగా కాపురానికి వెళ్లిన ఊళ్లో మీకు ముందుగా ఇబ్బంది పెట్టినదేమిటి? నీళ్లా? వంటలా? ఎండలా? నన్నడిగితే మాట అంటాను. అందరూ తెలుగే మాట్లాడుతుంటారు. ఒక్కొక్క మాటా విడిగా తెలిసినట్టే ఉంటుంది. తీరా అన్నీ కలిసి మన మీదికి వచ్చేసరికి ఇంకో రకంగా తగులుతాయి. అలా తగిలిన ఒక్క మాట పట్టుకుని నేను నెలల తరబడి లోలోపల కుమిలిపోయాను. ఆ ముడి విప్పిన ఊరు కైరుప్పల. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఊరు జపాన్‌లో ఉన్న మా అమ్మాయికి కూడా పనికొచ్చింది! ఎలాగంటారా? పొయ్యి మీద ఏమైనా ఉంటే మంట తగ్గించి వచ్చి కూర్చోండి, చెబుతాను.

తెనాలి పిల్ల, ఆదోని కోడలు

నా పెళ్లి 1994లో అయింది. పుట్టి పెరిగింది తెనాలి దగ్గర పల్లెటూరు. మెట్టినిల్లు కర్నూలు జిల్లా ఆదోని. పత్తి వ్యాపారానికి పేరున్న ఊరు. సీజన్‌లో ఎటు చూసినా పత్తి బస్తాల లారీలే. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. అందుకే ఇక్కడి తెలుగులో కన్నడం పులుసులో బెల్లంలా కలిసిపోయి ఉంటుంది. బజారుకు వెళితే ఉర్దూ కూడా తోడవుతుంది. కూరగాయలమ్మే ఆమె ఒక్క బేరంలోనే మూడు భాషలు తిరగేస్తుంది!

నాకు మొదటి పరీక్ష వంటింట్లోనే ఎదురైంది. ఉల్లిపాయ ఇక్కడ ఎర్రగడ్డ. వెల్లుల్లి తెల్లగడ్డ. బంగాళాదుంప ఉర్లగడ్డ. గిన్నెలు బోకులు. మరమరాలు బొరుగులు. ఇవన్నీ వారం రోజుల్లో పట్టుబడ్డాయి. కానీ ఓ రోజు పొద్దున్నే మా అత్తమ్మ "ఉగ్గాని చేద్దాం, పప్పులు పొడి కొట్టు" అని చెప్పి గుడికి వెళ్లింది. నేను కందిపప్పు వేయించి, శ్రద్ధగా దంచి పెట్టాను. ఇక్కడ 'పప్పులు' అంటే వేయించిన శనగపప్పు, మనం పుట్నాల పప్పు అంటామే, అది! ఆ రోజు మా ఇంట్లో ఉగ్గాని లేదు, కందిపొడి అన్నమే.

ఆ తప్పుకు అందరం నవ్వుకున్నాం. నవ్వలేని మాట తర్వాత వచ్చింది.

పెళ్లయిన కొన్ని నెలలకు నాకు జ్వరం తగిలింది. కొత్త కోడలిని, పడుకుంటే ఏమనుకుంటారో అని భయం. పెరట్లో కూర్చుని బోకులు తోముతున్నాను. అత్తమ్మ వచ్చి నా చేతిలోని గిన్నె లాక్కుని, "నువ్వు గమ్మునుండవే!" అంది. నా గుండెలో రాయి పడింది. మా వైపు 'గమ్మునుండు' అంటే నోరు మూసుకోమన్నట్టే. పైగా 'వే' అని! మా ఇంట్లో అమ్మ కూడా కోపం వస్తేనే నన్ను 'ఏమే' అనేది.

ఆ రాత్రి దిండు తడిసింది. మావారితో చెప్పుకోలేదు. చెబితే తల్లీకొడుకుల మధ్య పుల్లలు పెట్టినట్టవుతుందని ఊరుకున్నాను. ఆ రోజు నుంచి మాత్రం మర్యాద ఇంకా పెంచాను. "అలాగేనండీ అత్తయ్యగారూ", "భోజనానికి రండి అత్తయ్యగారూ" అంటూ ఆమె వేలెత్తి చూపే వీలు లేకుండా మాట్లాడేదాన్ని. నేనెంత మర్యాదగా ఉంటే ఆమె అంత ముభావంగా అయ్యేది. పక్కింటావిడతో, "మా కోడలు నాతో ఆఫీసరుతో మాట్లాడినట్టు మాట్లాడతాది" అని చెప్పుకుందట. అది నా చెవిన పడి ఇంకా కుంగిపోయాను.

మిద్దె మీద నుంచి చూసిన యుద్ధం

అత్తమ్మ పుట్టినూరు కైరుప్పల. ఆస్పరి మండలంలో ఉంది. 1995 ఉగాదికి నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్లారు. ఉగాది మరునాడు జరిగే పిడకల సమరం గురించి మీరు పేపర్లోనో, టీవీలోనో చూసే ఉంటారు. ఊరంతా రెండు వర్గాలుగా చీలి పిడకలతో కొట్టుకుంటారు. ఒక వర్గం వీరభద్రస్వామి వైపు, ఒక వర్గం భద్రకాళి అమ్మవారి వైపు.

ఊళ్లో చెప్పుకునే కథ ఇది. వీరభద్రస్వామి, భద్రకాళి ప్రేమించుకున్నారు. పెళ్లి మాట దగ్గర స్వామి జాప్యం చేశాడు. తమ ఆడబిడ్డకు అవమానం జరిగిందని అమ్మవారి వాళ్లకు కోపం వచ్చింది. స్వామి వస్తే పిడకలతో కొట్టాలని కాచుకున్నారు. స్వామి వచ్చాడు, పిడకలు పడ్డాయి. ఆయన వాళ్లు ఊరుకుంటారా? వాళ్లూ పిడకలందుకున్నారు. చివరికి పెద్దలు కూర్చుని రాజీ చేసి పెళ్లి జరిపించారు. ఇప్పటికీ సమరం తర్వాత స్వామికీ అమ్మవారికీ కల్యాణం చేస్తారు.

చూడబోతే ఇది మనిళ్లలో పెళ్లివారి గొడవే కదూ!

ముందే పిడకలు పోగేసి గుట్టలుగా పెట్టుకుంటారు. సంప్రదాయం ప్రకారం కారుమంచి గ్రామం నుంచి అక్కడి రెడ్డి వంశస్థులు గుర్రం మీద వచ్చి గుడిలో పూజ చేసి వెళతారు. వాళ్లు వెళ్లిన మరుక్షణం మొదలు! గాల్లో పిడకలే పిడకలు. పొడి పొగలా లేచి మనుషులు కనిపించరు. కేకలు, ఈలలు. దెబ్బ తగిలినవాళ్లు గుడిలో విభూతి రాసుకుని మళ్లీ వచ్చి విసురుతారు.

మేము ఆడవాళ్లం ఒక మిద్దె మీద నిలబడి చూస్తున్నాం. కింద నుంచి ఒకాయన తలెత్తి, "ఏమక్కా, ఎప్పుడొచ్చినావు?" అని అత్తమ్మను పలకరించాడు. ఆయన చూపు ఇటు ఉండగానే ఫట్టుమని చెవి పక్కన పిడక తగిలింది. అత్తమ్మ పగలబడి నవ్వి, "ఏమిరా సచ్చినోడా, నన్ను సూస్తాంటే పిడక తగలదా?" అని అరిచింది. ఆయన కూడా నవ్వుతూ చెవి రుద్దుకుంటూ పొడిలోకి పోయాడు.

నేను బిత్తరపోయాను. "అత్తయ్యగారూ, ఆయనకు కోపం రాదా?" అని అడిగాను.

"కోపం ఎందుకొస్తాదే? వాడు నాకు తమ్ముడయితాడు. మనోడు గనక అంటి. పరాయోణ్ణయితే అంటానా?" అంది. కాసేపు కిందికే చూస్తూ ఉండి, "ఈడ సూడు, పిడకతో కొట్టుకుంటాండేదీ మనోళ్లే, ఇబూతి పూసేదీ మనోళ్లే. నిన్ను కూడా మనింటి పిల్లవని 'ఏమే' అంటి. నువ్వేమో నన్ను 'గారూ' అని వాకిట్లోనే నిలబెట్టినావు" అంది.

నాకు నోట మాట రాలేదు. చివరికి ధైర్యం చేసి ఆ రోజు బోకుల దగ్గర ఎందుకు కసురుకున్నారని అడిగాను. ఆమెకు గుర్తే లేదు! నేను గుర్తు చేస్తే, "ఓ, అదా? జొరంతో ఉండావు గదా. పని వద్దు, ఊరికే ఉండు అంటి. దానికేమాయె?" అంది.

చూశారా! ఆమె విశ్రాంతి తీసుకోమంది. నేను నోరు మూసుకోమన్నట్టు విన్నాను. నేను గౌరవం ఇచ్చాననుకున్నాను. ఆమె దూరం పెట్టిందనుకుంది. ఒకే ఇంట్లో, ఒకే తెలుగులో!

బుడ్డలు ఒలుస్తూ

ఆ తర్వాత ఆదోని మాట నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. కానీ ఎలా? దానికి పుస్తకం లేదు. ఉన్నా అది వంటింటి దాకా రాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం గురించి వినే ఉంటారు. 1962లో వ్యవసాయ పదాలతోనూ, 1971లో చేనేత పదాలతోనూ సంపుటాలు వచ్చాయి. అంతటి పండితులు కూడా ఆ మాటల కోసం రైతుల దగ్గరికి, నేతగాళ్ల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. మాట పని చేసే చోటే ఉంటుంది మరి. మా ఆడబిడ్డది ఎమ్మిగనూరు, మాచాని సోమప్ప గారు నిలబెట్టిన చేనేత సహకార సంఘంతో పేరు పొందిన ఊరు. ఆమె ఇంటికి వెళ్లినప్పుడల్లా పక్కన మగ్గం మీద పని చేసేవాళ్ల మాటలు వినడం నాకు భలే సరదాగా ఉండేది.

నా బడి మాత్రం మా ఇంటి ముందు కట్ట. మధ్యాహ్నం పని అయ్యాక అత్తమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరేవారు. చేటలో బుడ్డలు పోసుకుని ఒలిచేవారు. బుడ్డలంటే వేరుశనక్కాయలండీ. నేనూ ఒలుస్తూ వినేదాన్ని. చానా అంటే చాలా. బిరీన అంటే త్వరగా. 'నా తావ' అంటే నా దగ్గర. యాడికి, ఈడ, ఆడ... ఇవన్నీ కంఠతా పట్టలేదు. చేతికి పని ఉంటే చెవికి తీరిక దొరుకుతుంది. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారో అడిగేదాన్ని. అంతే.

ఇలా తీరిగ్గా, ఆదరా బాదరా లేకుండా ఉండటానికి ఇక్కడ ఎంత చక్కటి మాట ఉందో తెలుసా? నిమ్మళం. "నిమ్మళంగా కూచో", "నిమ్మళంగా తిను" అంటారు. నాకు ఆదోని మాట నిమ్మళంగానే వచ్చింది. ముందు వంటింటి పేర్లు, తర్వాత క్రియలు, అన్నిటికంటే చివర పిలుపు. రెండో ఉగాది దాటాక ఒక రాత్రి, ఆలోచించకుండానే నా నోటి నుంచి "అన్నం తింటివా అత్తా?" అని వచ్చేసింది. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. తన కంచంలోని ఓళిగలో సగం తుంచి నా కంచంలో వేసింది.

ఒసాకాలో మా అమ్మాయి

ఇక మా అమ్మాయి సంగతి. 2023లో ఉద్యోగం మీద జపాన్‌లోని ఒసాకా వెళ్లింది. వెళ్లేముందే కోచింగ్ తీసుకుని జపనీస్ నేర్చుకుంది. ఆ భాష మనకు మరీ పరాయిదేమీ కాదట. మన తెలుగులాగే క్రియ చివర వస్తుంది. ప్రశ్నకు మనం చివర 'ఆ' చేర్చినట్టు వాళ్లు 'కా' చేరుస్తారు. మన 'కదా' లాంటిది వాళ్ల 'నే'. మనం దడదడ అంటాం, వాళ్లు గుండె దోకిదోకి అంటారు. మనకు మిలమిల, వాళ్లకు కిరకిర. గడగడా మాట్లాడితే పెరపెర!

అన్నీ వచ్చినా పిల్ల ఫోనులో దిగులుగా ఉండేది. "అందరూ నాతో మర్యాదగా మాట్లాడతారమ్మా, కానీ కలుపుకోరు" అనేది. విషయం ఏమిటంటే, అక్కడ మాటకు రెండు వాకిళ్లు. 'తబేమాస్ కా' అంటే 'తింటారా' అని. దగ్గరివాళ్లయితే 'తబేరు?' అంటే చాలు, 'తింటావా' అని. ఈ చనువు మాటను తమెగుచి అంటారు, అంటే సమానుల మాట. దాని మీద ఒసాకా యాస వేరే. చాలా అనడానికి మెచ్చా, నిజం అనడానికి హొన్మా, కుదరదు అనడానికి అకన్. ఆఫీసులో వాళ్లలో వాళ్లు ఇవే మాట్లాడుకుంటారు. మా పిల్ల వైపు తిరగగానే పుస్తకం భాషలోకి మారిపోతారు.

ఇది చూసి మా అమ్మాయికి పట్టుదల వచ్చింది. రోజూ రాత్రి ఫోనులో చూసి యాభై చనువు మాటలు బట్టీ పట్టింది. ఓ రోజు ఒక పెద్దాయన ఇంటి నుంచి మిఠాయి తెచ్చి పెడితే, తిని "యబాయ్!" అంది. ఆ మాటకు అసలు అర్థం ప్రమాదం, ఇబ్బంది అని. ఈ కాలం పిల్లలు 'అదిరింది' అనే అర్థంలో వాడతారు. స్నేహితురాలి దగ్గరైతే బాగుండేది. పెద్దాయన ముందు అనేసరికి అందరూ ఒక్క క్షణం ఆగిపోయారట. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే దానికి ముల్లులా గుచ్చుకుంది. "ఇంక నేను నోరు విప్పనమ్మా" అని ఏడ్చింది. నాకు నా దిండు గుర్తొచ్చింది.

మళ్లీ అదే మిద్దె

2025 ఉగాదికి సెలవు పెట్టి వచ్చింది. మార్చి 30న ఉగాది, 31న కైరుప్పల సమరం. ఆ రోజే రంజాన్ కూడా. ఆదోనిలో కొత్త బట్టలు, అత్తరు వాసనలు దాటుకుంటూ బయలుదేరి ఆస్పరి మీదుగా కైరుప్పల చేరాం. అదే మిద్దె, అదే పొడి. ఎనభై దాటిన మా అత్తమ్మను కుర్చీలో కూర్చోబెట్టాం. ఆమె చెవికి ఇప్పుడు కేకలు సగమే వినిపిస్తాయి. అయినా, "ఎవురు గెలుస్తాండారే?" అని పది సార్లు అడిగింది.

మనవరాలు తన గోడు చెప్పుకుంది. అత్తమ్మ అంతా విని, "మాటలు మూటగట్టుకోని పోయి వాళ్ల మీద ఇసిరితే ఎట్లే? సూడు, ఈడ కొత్తగా వచ్చినోళ్లు పిడక ఇసురుతాండారా? మిద్దె మీద నిలబడి సూస్తాండారు. నీ సేతికి ఎవురన్నా ఇస్తే అప్పుడు ఇసురు" అంది. ఆ తర్వాత, "ఆడ ముసలామె ఎవురూ లేరా? ఆమె తావ పోయి కూచో. ఏదన్నా ఒలుస్తా ఉండు" అంది.

ఉందట! పక్కింట్లో ఒక పెద్దావిడ. కనిపించినప్పుడల్లా సంచిలోంచి చాక్లెట్ తీసి ఇస్తుందట. ఒసాకా పెద్దమ్మలకు అది అలవాటే. మిఠాయి బిళ్లను ముద్దుగా 'అమె చాన్' అంటారు, చంటిపిల్లను పిలిచినట్టు. మా పిల్ల ప్రతిసారీ నడుము వంచి కృతజ్ఞతలు చెప్పి తలుపేసుకునేదట. నేను ఒకప్పుడు 'గారూ' అన్నట్టే!

అమ్మాయి ఇంకో మాట చెప్పింది. అక్కడ తీరిగ్గా గడపడాన్ని 'మత్తరి' అంటారట. మొదట అది రుచికి సంబంధించిన మాట. కమ్మగా, నాలుక మీద నెమ్మదిగా పరుచుకునే రుచిని అలా అనేవారు. తర్వాత తీరికకూ అదే మాటయింది. వంట చేసే మనకు ఇంతకంటే ఏం కావాలి! అత్తమ్మ మాత్రం, "అంత కష్టమెందుకు? నిమ్మళం అను, సరిపోతాది" అని తేల్చేసింది.

మీరు కూడా

మీ అమ్మాయిలు బెంగుళూరుకో, టోక్యోకో, పక్క జిల్లాకో వెళుతుంటే ఈ నాలుగు మాటలు చెప్పండి.

ఒకటి, ముందు విను, తర్వాత అను. అర్థమైన మాటలన్నీ మనం వాడాలనేమీ లేదు.

రెండు, చేతికి పని పెట్టుకో. బుడ్డలు ఒలవడం, పూలు కట్టడం, కూర తరగడం, ఏదైనా సరే. ఎదురెదురుగా కూర్చుంటే పరీక్షలా ఉంటుంది. పక్కపక్కన పని చేసుకుంటే మాట తనంతట తనే దొర్లుతుంది.

మూడు, చనువు మాట పెద్దవాళ్ల దగ్గర మనం మొదలుపెట్టకూడదు. వాళ్లు ఇచ్చాక మాత్రం తీసుకోవాలి. ఇచ్చినా తీసుకోకపోతే అదీ నొప్పే.

నాలుగు, మాట గుచ్చుకుంటే ఆ రోజే అడుగు. నాలాగా దిండుతో చెప్పుకోకు.

కైరుప్పల చూడాలనుకుంటే ఉగాది మరునాటికి వెళ్లండి. ఆదోని, ఆస్పరి రెండూ గుంతకల్లు-రాయచూరు రైలు మార్గంలో ఉన్నాయి. ఆస్పరికి ఆదోని నుంచి రోడ్డు కూడా ఉంది. సమరం సాయంత్రం వేళ జరుగుతుంది. ఏటా కొందరికి దెబ్బలు తగులుతాయి, కాబట్టి పిల్లలను తీసుకుని వీధిలోకి దిగకండి. తెలిసినవాళ్ల మిద్దె ఎక్కి చూడండి. కళ్లలో దుమ్ము పడకుండా కొంగు అడ్డం పెట్టుకోండి. పొద్దున ఆదోనిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినడం మర్చిపోవద్దు. ఇంట్లో చేసుకోవాలంటే బొరుగులు నీళ్లలో తడిపి వెంటనే పిండేయండి. ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, పసుపుతో పోపు పెట్టి అందులో కలపండి. దించేముందు పప్పుల పొడి, కొత్తిమీర చల్లి నిమ్మరసం పిండండి. ఏ పప్పులో మీకిప్పుడు తెలుసు కదా!

అన్నట్టు, అమ్మాయి సంగతి చెప్పనేలేదు. ఒసాకా తిరిగి వెళ్లాక పక్కింటి పెద్దావిడ అమె చాన్ ఇస్తే ఈసారి తలుపేసుకోలేదట. చలికాలం వచ్చేసరికి వాళ్లింట్లో కొతత్సు కింద కాళ్లు పెట్టుకుని కూర్చునేంత అయింది. కొతత్సు అంటే కింద వేడి, పైన బొంత ఉండే పొట్టి బల్ల. ఇద్దరూ కమలాపండ్లు ఒలుచుకుంటూ టీవీ చూస్తారట. ఆమె మాట్లాడుతుంటే మా పిల్ల వింటుందట.

ఒకరోజు పొద్దున్నే ఫోను. గొంతులో నవ్వూ ఏడుపూ కలిసి ఉన్నాయి. "అమ్మా, ఇవాళ పల్చటి కోటు వేసుకుని ఆఫీసుకు బయలుదేరితే ఆవిడ మెట్ల మీద నుంచి 'అకన్! అకన్!' అని కేకలేసింది. చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్లి తన మఫ్లరు నా మెడకు చుట్టింది. నన్ను తిట్టిందమ్మా!"

కట్ట మీద కూర్చున్న అత్తమ్మ చెవి దగ్గర గట్టిగా చెప్పాను. చేటలోని బుడ్డ చిదుముతూ అంది:

"తిట్టిందా? ఇంగ దిగుల్లేదు లే."